మెతుకు కూడా వదలకుండా: శ్రీకాకుళం తీరంలో రెండు రోజులు

జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా శ్రీకాకుళం తీరంలో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. టెక్కలి పక్కన తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల్ని సాకుతుంటాయి. కళింగపట్నం నుంచి బారువ దాకా ఉన్న ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టి పోతుంటాయి. చూడాలనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి అదను లేదు. ఆ గుడ్లకూ పిల్లలకూ గండం కూడా అప్పుడే. గూట్లోంచి గుడ్డును కాకి ఎత్తుకుపోతుంది. కుక్కలూ నక్కలూ ఇసుక తవ్వి గుడ్లు తినేస్తాయి.

వాటిని ఆ చోటికి అలవాటు చేసేది మనం పారేసే తిండి. అరటి తొక్కో, పులిహోర మెతుకులో "మట్టిలో కలిసిపోయేవే కదా" అని వదిలేస్తాం. అవి మట్టిలో కలిసేలోపే కాకులూ కుక్కలూ అక్కడ తిరగడం అలవాటు చేసుకుంటాయి. తిండికి మరిగిన కుక్క, తిండి దొరకని రోజున ఇసుక తవ్వుతుంది. ప్లాస్టిక్ సంచులు మానేసి, తొక్కలు మాత్రం ఇసుకలో పాతిపెట్టి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మనసు మంచిదే గానీ పద్ధతి మార్చుకోవాలి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరంలో తిండి పాతిపెట్టడమంటే కుక్కకు తవ్వడం నేర్పడమే.

కింద చెప్పే లెక్కలన్నీ నలుగురు పెద్దవాళ్ళకు, విజయనగరంలో బయలుదేరి రెండు పగళ్ళు, ఒక రాత్రి తిరిగి రావడానికి. పిల్లలుంటే తిండి తగ్గించండి, నీళ్ళు తగ్గించకండి.

అదను చూసుకోవడం

అక్టోబర్, నవంబర్ నెలల్లో కొంగలు ఉంటాయి గానీ అవి తుఫాన్ల నెలలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. ఇదే తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రెండు నెలల్లో వెళ్ళాల్సి వస్తే వాతావరణ హెచ్చరికలు చూసుకున్నాకే టికెట్ తీయండి. మార్చి, ఏప్రిల్‌లో తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి సముద్రంలోకి వెళ్తాయి. అది చూడదగ్గదే, కానీ ఎండ అప్పటికే చురుక్కుమంటుంది, కొంగలు చాలామటుకు వెళ్ళిపోయి ఉంటాయి. రెండూ కావాలంటే ఫిబ్రవరే.

ఒక జాగ్రత్త. రథసప్తమి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు అరసవల్లి సూర్యదేవాలయంలో జనం కిక్కిరిసి ఉంటారు, మాఘమాసం ఆదివారాలు కూడా దాదాపు అంతే. దర్శనం కోసమే వెళ్తే సరే, తీరం చూడటానికైతే ఆ రోజులు వదిలేసి మంగళ, బుధవారాలు పెట్టుకోండి.

ముందు రోజు రాత్రి, వంటింట్లో

దారిలో ఎంత చెత్త పుడుతుందన్నది ఇక్కడే తేలిపోతుంది. ఇంటి తిండి చాలకపోతే దారిలో ప్యాకెట్లు కొంటాం. ఎక్కువైతే మిగిలింది చెట్టు కింద పెడతాం. అందుకే కొలత ముఖ్యం.

మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర. మనిషికి 125 గ్రాముల బియ్యం చొప్పున నలుగురికి అర కిలో. "ఇంకో గ్లాసు వేద్దాం, దారిలో ఆకలేస్తుంది" అనిపిస్తుంది. వద్దు, ఆ ఆకలికి అటుకులున్నాయి. అర కిలో బియ్యానికి కొలతలివి: చింతపండు 70 గ్రాములు, నువ్వులనూనె 80 మిల్లీలీటర్లు, ఉప్పు సుమారు 20 గ్రాములు, పసుపు అర చెంచా, శనగపప్పు రెండు పెద్ద చెంచాలు, మినపప్పు ఒక పెద్ద చెంచా, ఆవాలు ఒక చెంచా, పల్లీలు ఒక గుప్పెడు, పచ్చిమిర్చి ఆరు, ఎండుమిర్చి ఐదు, కరివేపాకు రెండు రెమ్మలు, ఇంగువ చిటికెడు, గోలీకాయంత బెల్లం.

పులిహోర పాడైపోతే దాదాపు ఎప్పుడూ తప్పు నీళ్ళదే. చింతపండు పులుసును పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త నూనెతో కలిపి సన్న మంట మీద ఉడికించాలి. పైకి నూనె తేలి, గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనబడి గీత ఒక క్షణం నిలవాలి. అంతకు ముందే దించేస్తే పచ్చి నీరు మిగిలిపోతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, చేత్తో తాకితే వెచ్చదనం పోయాక పులుసూ పోపూ కలపండి. వేడి మీద కలిపి మూత పెడితే ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా అన్నంలోనే పడుతుంది. మధ్యాహ్నానికి జిగురు వచ్చేది అందువల్లే. ఉల్లిపాయ, కొబ్బరి వేయకండి. తడి గరిటె పెట్టకండి. తెల్లవారుజామున వండితే మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తినేయాలి. పులుపు ఉంది కదా అని రాత్రికి దాచుకోవద్దు. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే అందులో పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

పొద్దుటికి చోడి (రాగి) అంబలి. ఇది ఈ ప్రాంతపు తిండి, చవక, ఎండలో కడుపు చల్లగా ఉంచుతుంది, పొట్లం అక్కర్లేదు. 100 గ్రాముల చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి రాత్రంతా మూతపెట్టి పులియనివ్వండి. చలి రోజుల్లో పొయ్యి పక్కన పెడితే గానీ పులవదు. తెల్లవారి నాలుగు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి, ఆ పిండినీళ్ళు సన్నటి ధారగా పోస్తూ కలుపుతూనే ఉండాలి. పది నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోయి, రంగు ముదిరి, గరిటె నుంచి బరువుగా జారుతుంది. ఉప్పు వేసి పూర్తిగా చల్లార్చి స్టీలు క్యాన్‌లో పోయండి. క్యాన్‌లో పావు వంతు ఖాళీ ఉంచండి. నిండుగా పోస్తే రైల్లో మూత తీయగానే తొణికి ఒళ్ళో పడుతుంది. మజ్జిగ వేరే సీసాలో అర లీటరు పట్టుకెళ్ళి తాగేముందు కలుపుకోండి. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మాగాయ ముక్క చాలు.

మిగతావి పొడివి. అటుకులు అర కిలో, వేయించిన పల్లీలు పావు కిలో, బెల్లం పావు కిలో, నువ్వుండలు పన్నెండు, జంతికలు ఒక డబ్బా. పండ్లలో జామకాయకు మించింది లేదు, తొక్కా గింజా అన్నీ తినేస్తాం. అరటిపండు కడుపు నింపుతుంది గానీ దాని తొక్క ఇంటిదాకా మోయాలి. కమలాపండ్లు మాత్రం ఈ ప్రయాణానికి పనికిరావు: తొక్క, పీచు, గింజలు, జిగురు చేతులు, వాటికోసం మళ్ళీ నీళ్ళు. ఉడికించిన గుడ్లు తీసుకెళ్తే పెంకుతోనే తీసుకెళ్ళి మధ్యాహ్నంలోపు తినండి. ఒలిచి పెట్టినవి తొందరగా వాసన పడతాయి.

సంచిలో ఏం పెట్టాలి

అర కిలో బియ్యం పులిహోరకు మూడు లీటర్ల స్టీలు డబ్బా ఒకటి, క్లిప్పు మూతది. పొడి తిండికి రెండు డబ్బాలు. స్టీలు పళ్ళేలు నాలుగు, గ్లాసులు నాలుగు, చెంచాలు, చిన్న కత్తి. పాత పంచెలోంచి చింపిన గుడ్డలు ఆరు: రెండు చేతులకు, రెండు గిన్నెలకు, రెండు అదనం. కొనుక్కునేవి వేసుకోవడానికి గుడ్డ సంచులు నాలుగు.

తడి చెత్తకు గట్టి మూత ఉన్న లీటరు డబ్బా. దీన్ని మరిచిపోతే ఈ ప్రయాణం అర్థమే పోతుంది. దాని అడుగున గుప్పెడు ఎండు కొబ్బరి పొట్టు లేదా రంపపు పొట్టు వేయండి. తొక్కల్లోని నీరు అది పీల్చుకుంటుంది, రెండు రోజులైనా వాసన రాదు. మీద ఇంకో గుప్పెడు చల్లితే ఇంకా మంచిది. పొడి చెత్తకు చిన్న గోనెసంచి చాలు.

ఆడవాళ్ళకు ప్యాడ్లు, పసిపిల్లలకు డైపర్లు అవసరమైతే ఇంకో మూత డబ్బా, పాత వార్తాపత్రికలు వేరుగా పెట్టుకోండి. తీరం పల్లెల్లో వీటిని తీసుకునే ఏర్పాటు ఉండదు. గొయ్యిలో వేస్తే కుక్కలు లాగి చిందరవందర చేస్తాయి.

నలుగురైతే స్టీలు పళ్ళేలే మేలు. పదిమంది దాటితే కడగడానికి నీళ్ళు చాలవు, అప్పుడు అడ్డాకు విస్తళ్ళు తీసుకోండి. కొండల్లో గిరిజనులు ఏరి, పుల్లలతో కుట్టిన ఆకులవి, ఉత్తరాంధ్ర సంతల్లో కట్టలుగా దొరుకుతాయి. కొనేటప్పుడు మూల కొంచెం చించి చూడండి. అసలు ఆకు పటుక్కున విరుగుతుంది. పల్చటి పొర సాగుతూ చేతికి వస్తే అది ఆకు బొమ్మ వేసిన కాగితం మీద ప్లాస్టిక్. ఎండిన అడ్డాకు పెళుసు కాబట్టి రెండు అట్టల మధ్య పెట్టి తాడుతో కట్టండి. వడ్డించేముందు నీళ్ళు చిలకరించి రెండు నిమిషాలు ఆగితే ఆకు మెత్తబడుతుంది, పులుసు కారదు.

గిన్నెలు కడగడానికి సబ్బు అక్కర్లేదు. పళ్ళెం ఊడ్చి తిని, గుడ్డతో తుడిచి, అర గ్లాసు నీళ్ళతో తొలిపితే రాత్రిదాకా చాలు. నూనె జిడ్డుకు కుంకుడు పొడి చిటికెడు. కానీ ఏదైనా సరే ఏట్లోగానీ సముద్రంలోగానీ కడగకండి.

నీళ్ళ లెక్క

ఫిబ్రవరిలో మనిషికి రోజుకు మూడు లీటర్లు, మార్చి దాటితే నాలుగు. మనిషికి లీటరు పట్టే స్టీలు సీసాలు రెండు, నలుగురికీ కలిపి ఐదు లీటర్ల క్యాన్ ఒకటి. ఇవి నిండుగా బయలుదేరితే పన్నెండో పదమూడో లీటర్లవుతాయి, ఒక పగలుకు సరి. సాయంత్రం బస చేసేచోట మళ్ళీ నింపుకోవాలి. శుద్ధి చేసిన నీళ్ళు 20 లీటర్ల క్యాన్లలో అమ్మే కేంద్రాలు ఈ దారిలో పట్టణాల్లోనే కాదు, పెద్ద ఊళ్ళలోనూ ఉన్నాయి. క్యాన్ తీసుకెళ్ళి అడిగితే నింపుతారు. ఉద్దానం పల్లెల్లో బోరు నీళ్ళు తాగకండి. కిడ్నీ జబ్బులతో ఆ ప్రాంతం ఎన్నో ఏళ్ళుగా బాధపడుతోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. తాగునీళ్ళకు వాళ్ళు ఎన్నో ఏళ్ళు ఇబ్బంది పడ్డవాళ్ళు గనుక, ఇంటి ముందు ఆగి సీసాలన్నీ నింపమని అడగడం కూడా బావుండదు.

స్టీలు సీసాకు తడి గుడ్డ చుట్టి, నీడ వైపు కట్టుకుంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. ఎవరికైనా ఎండదెబ్బ లక్షణాలు కనిపిస్తే, తల తిరిగితే, లీటరు నీళ్ళలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే మేలుకంటే కీడే ఎక్కువ. చెంచా గోపురంలా నింపకండి.

మొదటి రోజు: ఆమదాలవలస నుంచి కళింగపట్నం

విజయనగరంలో పొద్దున్నే తూర్పువైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కండి. చీపురుపల్లి, పొందూరు, దూసి దాటితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్. అది ఆమదాలవలసలో ఉంది, శ్రీకాకుళం ఊరు అక్కడి నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రైల్లోనే అంబలి తాగేయండి.

తీరిక ఉంటే పొందూరులో దిగి ఖాదీ చూడొచ్చు. పత్తిలోని చెత్తను వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి తీసే పని ఇక్కడిది. సన్నటి రకం ధర ఎక్కువ, ఆ పనికి అది తగిందే. ప్రయాణపు సంచులకూ తువ్వాళ్ళకూ ముతక రకం అడగండి.

శ్రీకాకుళంలో ఆటో మాట్లాడుకునేటప్పుడు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం నాలుగూ కలిపి ఒకేసారి బేరం చేయండి. విడివిడిగా ఎక్కితే శ్రీకూర్మం దాటాక బండి కోసం ఎండలో నిలబడాలి. బస్సుల్లోనే వెళ్ళాలనుకుంటే గార మీదుగా కళింగపట్నం బస్సు ఎక్కి, శాలిహుండం వైపు మాత్రం ఆటో తీసుకోండి.

శ్రీకూర్మం గుళ్ళో నక్షత్ర తాబేళ్ళుంటాయి. పిల్లలు బిస్కట్లు పెట్టాలని ముచ్చటపడతారు. పెట్టనివ్వకండి. అవి ఆకు తినే జీవాలు, మైదా పంచదార వాటికి అరగవు. ఆకుకూర పెట్టవచ్చా అని అక్కడివాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటేనే పెట్టండి.

శాలిహుండం కొండ ఎక్కడానికి ముందే, కిందనే నీడ చూసుకుని పులిహోర తినేయండి. పైన బౌద్ధ స్తూపాలు, చైత్యాల (ప్రార్థనా మందిరాల) మధ్య తిండి తీయకూడదు. అది రక్షిత కట్టడం, పైగా మెతుకు పడితే చీమలు, చీమల వెనక పురుగులు ఇటుకల సందుల్లో గూళ్ళు పెడతాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చారు. నడిచేటప్పుడు గట్టి బాట మీదే నడవండి. మోకాలెత్తు ఇటుక గోడల మీద నిలబడి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది గానీ, అంచు ఇటుక కదిలితే వాన నీరు దిగి గోడే జారుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక వంశధార మీద వెలుగు వాలుతుంది. ఏరు వెడల్పుగా, ఇసుక తిన్నెలతో, మెల్లగా సముద్రం వైపు తిరగడం పైనుంచి కనబడుతుంది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా కొండ ఎక్కొచ్చు.

సాయంత్రం కళింగపట్నం. లైట్‌హౌస్ చూడండి, ఇసుకలో నడవండి, ఏరు సముద్రంలో కలిసేచోట మాత్రం నీళ్ళలోకి దిగకండి. అక్కడ ఇసుక రోజుకో రకంగా మారుతుంది. మోకాలి లోతు అనుకున్న అంచు అడుగు వేయగానే విరిగి మనిషిని కాలువలోకి లాగుతుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా నిలవలేని ప్రవాహం అది.

బొండాం తాగితే గొట్టం అడగకండి, నోటితోనే తాగండి. లేత కొబ్బరి తిన్నాక ఖాళీ బొండాం కొట్టువాళ్ళకే ఇచ్చేయండి. ఇసుకలో పడేసిన బొండాంలో వాన నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

చేపలు తినేవాళ్ళకు ఒక మాట. కవళ్ళు, కానాగంతలు లాంటి చిన్న చేపలు అడగండి. అవి త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెడతాయి, తీసినా మళ్ళీ నిండుతాయి. సొరచేప ఆలస్యంగా ఈడుకొచ్చి కొద్ది పిల్లల్నే కంటుంది, దాన్ని వదిలేయండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా ఉండి, వేలితో నొక్కితే గుంట నిలవకపోతే తాజాది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే పెద్ద చేప కోసం పట్టుబట్టకండి.

రాత్రి బసకు శ్రీకాకుళం తిరిగి రావడం కన్నా నేరుగా టెక్కలి చేరుకుంటే మేలు. మర్నాడు తెల్లవారేసరికి కొంగల దగ్గర ఉండాలి.

రెండో రోజు తెల్లవారి: తేలినీలాపురం

టెక్కలి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. రైలైతే నౌపడ జంక్షన్ దగ్గర. ఆరు గంటలకు అక్కడ ఉండాలి, ఎనిమిదిన్నరకు వెనక్కి తిరగాలి. ఎండ ఎక్కాక పెద్ద పక్షులు గూళ్ళ మీద రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంటాయి. ఆ సమయంలో మనం కదిలిస్తే అవి లేస్తాయి, పిల్లలు మాడిపోతాయి. ఎగిరిన ఆ రెండు నిమిషాల్లోనే కాకి కూడా వస్తుంది. నష్టం మన కళ్ళకు కనబడదు కాబట్టే ఈ తప్పు పదేపదే జరుగుతుంది.

వేసుకునే బట్టలు ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగుల్లో ఉండాలి. ఫోన్ మోగకుండా పెట్టండి. డ్రోన్ ఎగరేయకండి. గూళ్ళున్న చెట్టు కిందికి వెళ్ళకండి, కాపలా గోపురం నుంచీ కట్టిన బాట నుంచీ చూడండి. బైనాక్యులర్ 8 రెట్లు లేదా 10 రెట్లది ఒకటి నలుగురికీ చాలు. గూడబాతును గుర్తుపట్టడం తేలిక: పొడవాటి ముక్కు, దాని కింద సంచి. ఎర్రకాళ్ళ కొంగకు పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో చెబుతారు. నిజానికి ఈ రెండు జాతులూ మన ఉపఖండంలోనే ఉండేవి, నీళ్ళూ చేపలూ గూళ్ళకు చెట్లూ చూసుకుని ఇక్కడికి చేరతాయి. నౌపడ చిత్తడి నేలలు దగ్గరగా ఉండటమే వీటికి ఆధారం. ఊరివాళ్ళు వీటి రాకను శుభంగా భావించి కాపాడుకుంటున్నారు. పిట్టలు ఊరి నడుమ చెట్ల మీదే గూళ్ళు కట్టడానికి ధైర్యం అదే.

ఇక్కడ తిండి అసలు తీయకండి, బిస్కట్ కూడా. టిఫిన్ టెక్కలి చేరాకే.

టిఫిన్ కొట్లో చాలాచోట్ల పళ్ళెం మీద ప్లాస్టిక్ కవరు పరిచి ఇడ్లీ పెడతారు. వేడి ఇడ్లీ, మరిగే సాంబారు ఆ కవరు మీద పడటం ఒంటికీ మంచిది కాదు. మాట ముందే చెప్పాలి, కవరు పరిచాక చెబితే అది చెత్తలోకే పోతుంది. లోపలికి అడుగుపెడుతూనే "అమ్మా, కవరు వద్దు, పళ్ళెం కడిగి ఇయ్యండి చాలు" అనండి. ఎవరూ కాదనరు. మధ్యాహ్నానికి కావాల్సింది మీ డబ్బాలోనే కట్టించుకోండి. చట్నీకి చిన్న డబ్బా వేరుగా ఉండాలి, లేకపోతే అది కవర్లోనే వస్తుంది. 2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, గొట్టాలు నిషేధం. కొట్టువాళ్ళకు అది తెలుసు. అడిగేవాళ్ళు ఉంటే వాళ్ళకూ పాటించడం తేలిక.

పలాసలో కొనుక్కోవడం

జీడిపప్పు పలాస-కాశీబుగ్గలో తూకానికి తీసుకోండి, సీలు వేసిన ప్యాకెట్లు వద్దు. సంఖ్యల అర్థం తెలిస్తే మోసపోరు: 240 రకం అంటే సుమారు అర కిలో కన్నా కొంచెం తక్కువ తూకానికి, అంటే 454 గ్రాములకు, 240 లోపు పప్పులు తూగుతాయని. 180 రకం పెద్దది, ఖరీదైంది. 320 చిన్నది. కూరకూ పాయసానికీ బద్దలు, ముక్కలు తీసుకుంటే చాలు, రుచిలో తేడా లేదు. ఒక పప్పు విరిచి చూడండి, పటుక్కుమనాలి. వంగితే తేమ పట్టిందన్నమాట, పది రోజుల్లో ముక్కవాసన వస్తుంది. గుడ్డ సంచిలో తెచ్చి, ఇంటికి రాగానే ఎండు స్టీలు డబ్బాలోకి మార్చండి. మార్చి తర్వాత తోటల దగ్గర పచ్చి జీడిగింజలు కనబడితే పిల్లల్ని ఒలవనివ్వకండి. తొక్కలోని జీడి చర్మాన్ని కాలుస్తుంది, బొబ్బలెక్కుతాయి.

నౌపడ ఉప్పు మడుల నుంచి కల్లుప్పు తెచ్చుకుంటే ఆవకాయకు వాడుకోండి. రోజూ వంటకు మాత్రం అయోడిన్ కలిపిన ఉప్పే ఉండాలి.

సాయంత్రం: బారువ

పలాస నుంచి సోంపేట దాకా బస్సు, అక్కడ నుంచి ఆటో. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. కళింగపట్నంలో చెప్పిన జాగ్రత్త ఇక్కడా అంతే.

ఇసుక మీద ట్రాక్టరు చక్రం నడిచినట్టు రెండు వరసల జాడ, నీళ్ళ నుంచి పైకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తే, అది రాత్రి వచ్చిన తాబేలుది. ఇసుక చెల్లాచెదురైనచోట కింద గుడ్లుండొచ్చు, సుమారు వంద దాకా. అక్కడ నడవకండి, తవ్వి చూడకండి. ఆ గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. జాడ కనబడితే అటవీశాఖ వాళ్ళకు చెబితే గుడ్లను హేచరీకి, అంటే వాటిని కాపాడే కంచె లోపలికి, మారుస్తారు. హేచరీ కంచె బయటి నుంచే చూడండి.

చీకటి పడ్డాక తీరంలో ఉండాల్సి వస్తే ఫోన్ లైటు వేయకండి. తల్లి తాబేలు వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే నీళ్ళలోకి తిరిగిపోతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది, మనం లైటు వేస్తే రోడ్డు వైపు వస్తాయి. తాబేలు ఎదురైతే పది పదిహేను మీటర్ల దూరంలో, దాని వెనక వైపు, కూర్చుని ఉండిపోండి. ఒడ్డున చచ్చిపోయిన తాబేళ్ళు కూడా కనబడొచ్చు. అవి ఊపిరికి పైకి రావాల్సిన జీవాలు, ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేక చనిపోతాయి. ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవం అది, గుడ్డు తీసినా నేరమే.

తెగిన నైలాన్ వల ముక్కలు, తాళ్ళు ఇసుకలో కనబడితే, సగం పూడుకుపోనివి మాత్రం ఏరి గోనెసంచిలో వేయండి. పూడుకున్నవాటిని లాగితే కింద గుడ్లు కదలొచ్చు.

ఇంటికి వచ్చాక

రైలు సోంపేటలోగానీ పలాసలోగానీ ఎక్కండి. ఎక్కువ బళ్ళు ఆగేది పలాసలో. తడి చెత్త డబ్బా మర్నాటికి ఉంచకుండా అదే రోజు పెరట్లో జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చండి. అపార్ట్‌మెంట్ అయితే పాత కుండీలో మట్టి, ఎండాకులు, చెత్త పొరలు పొరలుగా వేయండి. పచ్చడి నూనె, ఉప్పు ఎక్కువున్నవి ఆ కుండీలో వేస్తే మొక్క వాడుతుంది, అవి వేరే పడేయండి. గోనెసంచిలోని పొడి చెత్తను నేల మీద పరిచి చూడండి. ఏ కవరు, ఏ సీసా ఎక్కడ చేతికొచ్చిందో గుర్తున్నప్పుడే రాసుకుని ఆ కాగితం క్యారేజీ డబ్బాలో పెట్టి మూత వేయండి. మళ్ళీ ప్రయాణానికి డబ్బా తీసినప్పుడు ముందు అదే చేతికి తగులుతుంది.